ఎక్కడికని అడిగే పెట్టె

సముద్రంమీద పదిహేడేళ్లు తిరిగి ఒక్కనాడూ దారి తప్పని ధనరాజు, నేలమీదకి వచ్చిన ఇరవై రోజుల్లో మూడుసార్లు తప్పిపోయాడు. సాలూరు చేరవలసిన అతని చేపల వ్యాను ఒకసారి చీపురుపల్లి రైలుగేటు ముందు తేలింది. ఇంకోసారి పార్వతీపురం పొలిమేరలో తేలింది. మూడోసారి ఎక్కడ తేలిందో అతనికే తెలియదు. అక్కడ ఒక బడి, బడి వెనకాల తాటిచెట్లు ఉన్నాయని మాత్రం చెప్పగలడు. ఆ చుట్టుపక్కల బడీ తాటిచెట్లూ లేని ఊరేదో మీరే వెతుక్కోండి.

తెలివితక్కువవాడని తొందరపడి అనేయకండి. కళింగపట్నం పక్కన వాళ్ల పల్లె. తెప్పమీద వేటకి వెళ్తే లైట్‌హౌసు వెనక శాలిహుండం కొండ ఎక్కడ కనబడుతోందో చూసుకుని, తానెక్కడున్నాడో బెత్తెడు తేడా లేకుండా చెప్పేవాడు. గట్టు కనబడనంత లోపలికి పోతే బోటులో జీపీఎస్ ఉండేది. అందులో బాణం ఎటు చూపిస్తే అటు పోవడమే. నేలమీద అలా కాదు. కొండ కుడివైపు ఉందని గుర్తు పెట్టుకుంటే రోడ్డు ఒక్క మలుపు తిరిగి దాన్ని ఎడమవైపు పెడుతుంది. ఇంకో మలుపు తిరిగేసరికి అసలు కొండే ఉండదు. ఊళ్ల పేర్లు రాసిన బోర్డులు అతను చదవగలడు గానీ కూడబలుక్కుని చదవాలి, సగం పేరు చదివేసరికి బోర్డు వెనకబడిపోతుంది.

మరి టీకొట్టు దగ్గర ఆపి అడగొచ్చు కదా అంటారు. అడగొచ్చు. ధనరాజు మాత్రం అడగడు. గర్వమేమీ కాదు. వాళ్ల పల్లెలో వేటకి బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగరు. అడిగితే వల ఖాళీగా వస్తుందని ఒకరంటారు, మనిషే తిరిగి రాడని ఇంకొకరంటారు. వెళ్లేవాడూ చెప్పడు. మగవాళ్లు తెప్పలు తోస్తుంటే ఆడవాళ్లు మొహం పక్కకి తిప్పుకుని నిలబడతారు. దారి అడగాలంటే ముందు తానెక్కడికి వెళ్తున్నాడో నోటితో చెప్పాలి కదా. పుట్టిన దగ్గర్నుంచీ ఆ మాట పెదవి దాటనివ్వని మనిషిని రాజాం జంక్షన్లో కిళ్లీకొట్టు ముందు నిలబెట్టి చెప్పమంటే నోరెలా వస్తుంది? వ్యానుకి ఈ పట్టింపు ఉందో లేదో అతనికీ తెలియదు. లేదని తేల్చి చెప్పినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

అసలు నేలమీదకి రావడం అతని సరదా కాదు. మొన్న దసరా వెళ్లాక అతని భార్య బుల్లమ్మ అన్న ఈశ్వర్ ఇద్దరు మనుషులతో తెప్పమీద వేటకి పోయాడు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. సాయంత్రానికి అన్ని తెప్పలూ గట్టెక్కాయి, అతని తెప్ప ఒక్కటీ రాలేదు. ఆ రోజు ధనరాజుకి జ్వరం, లేకపోతే ఆ తెప్పమీద అతనూ ఉండేవాడే. పెద్ద కర్మ అయిన మర్నాడు బుల్లమ్మ మొగుడి వలలన్నీ అటకమీదకి ఎక్కించి నిచ్చెన పక్కింటివాళ్లకి ఇచ్చేసింది. "మళ్లీ సముద్రం మొకం సూసినావంటే ఇంట్లో నా మొకం సూడవు" అంది. ఆమె అన్నదంటే అన్నదే. పినతండ్రి మూల పడేసిన పాత వ్యాను బాగుచేయించుకుని ధనరాజు ఐసులో వేసిన చందువలూ వంజరాలూ సాలూరుకి తోలడం మొదలెట్టాడు.

సాలూరులో లక్ష్మణమ్మ అనే ఆవిడకి చేపల దుకాణం ఉంది. ఊరంతా లారీలు, లారీలవాళ్లకి హోటళ్లు, ఆ హోటళ్లన్నిటికీ చేప ఆవిడ దగ్గర్నుంచే వెళ్తుంది. ఒంటిగంటకల్లా సరుకు రావాలని మొదటిరోజే చెప్పింది. మూడోసారి ధనరాజు నాలుగుగంటలకి చేరేసరికి కత్తి పక్కన పెట్టి నింపాదిగా చెప్పింది. "సూడు ధనరాజూ, నువ్వు మంచోడివే. మంచితనం ఇగురెట్టుకుని తినలేం గదా. ఇంకొక్కసారి ఆలీసమైతే విశాపట్నం బండీకి సెప్పీస్తాను."

ఆవిడ వద్దంటే ఆ చేపలు కొనేవాళ్లు అతనికి ఇంకెవరూ లేరు. బోటు నడిపే తండేలు జగన్నాధం అప్పటికే రెండుసార్లు ఫోను చేశాడు. "నేల నీకు పడదురా. నీ చోటు ఖాళీగానే ఉంచినాను, వచ్చీ" అన్నాడు. సాలూరు పోతే బోటెక్కాలి, బోటెక్కితే బుల్లమ్మ పోతుంది. ధనరాజు ఈ సంగతులేవీ ఇంట్లో చెప్పలేదు. ఎక్కడికెళ్తున్నావని బుల్లమ్మ ఏనాడూ అడగలేదు, తప్పిపోయానని అతనూ చెప్పలేదు.

రోడ్లమీద తిరిగేవాళ్లకి కూడా జీపీఎస్ పెట్టెలు దొరుకుతాయని ఎవరో అంటే విని, ఒక బుధవారం పొద్దున్న విజయనగరం వెళ్లాడు. గంటస్తంభం దాటాక జయకృష్ణ అనే అతని దుకాణం. వాళ్ల తాత రేడియోలు అమ్మాడు, తండ్రి టీవీలు అమ్మాడు, ఇతను కరెంటుతో నడిచేవన్నీ అమ్ముతాడు. వచ్చినవాణ్ని ఉత్తచేతులతో పంపడం వాళ్ల వంశంలో లేదు.

"జీపీఎస్ కావాలి బాబూ" అన్నాడు ధనరాజు.

"ఏ బండికండి? లారీకా, మోటారుసైకిలుకా?"

ధనరాజు ఆలోచనలో పడ్డాడు. తనది చిన్న వ్యాను. లారీకి తమ్ముడు, మోటారుసైకిలుకి అన్న. "మజ్జిలోది లేదేటి?" అన్నాడు.

లేదు. జయకృష్ణ ముందుగా లారీ పెట్టె తీసి గాజుబల్లమీద పెట్టాడు. పలకంత ఉంది. "దీనికి మన బండి వివరాలు చెప్పాలండి. ఎత్తెంత, బరువెంత, ఇరుసులెన్ని అన్నీ చెప్తే, ఏ వంతెన కిందనుంచి బండి దూరుతుందో ఏ రోడ్డు మనకి పనికిరాదో అదే చూసుకుంటుంది."

"బరువంటే ఎప్పటి బరువు బాబూ? పొద్దున్న ఐసుతో ఒక బరువుంటాది. ఎండెక్కినకొద్దీ ఐసు కరిగిపోతాది గదా."

జయకృష్ణ ఈ ప్రశ్న ఎన్నడూ వినలేదు. పెట్టెతో వచ్చిన పుస్తకం తిరగేశాడు, ఐసు గురించి అందులో ఏమీ లేదు. "సుమారుగా చెప్తే చాలండి" అన్నాడు. పెట్టె ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాట్లాడుతుందట. రెండూ వినిపించాడు. రెండు భాషల్లోనూ ఒక ఆడమనిషి ఏదో విసుగ్గా చెప్పింది. తనకేమీ అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటపడి ధనరాజు బాగానే ఉన్నాదన్నాడు.

తర్వాత మోటారుసైకిలు పెట్టె. వానలో తడిసినా చెడిపోదన్నాడు జయకృష్ణ. అది ధనరాజుకి నచ్చింది. చేపలబండిలో పొడిగా ఉండేదేముంది? కానీ ఇది హెల్మెట్లో బిగించిన స్పీకరులోంచి చెవిలో చెబుతుందట. వ్యాను తోలుతూ హెల్మెట్ పెట్టుకుంటే సాలూరులో పిల్లలు వెంటపడతారు. పోనీ ఫోనులోనే దారి చూసుకోవచ్చు కదా అంటే, ధనరాజుది నొక్కుడు బటన్ల ఫోను. కొత్త ఫోను తీసుకున్నా కొండల దగ్గర సిగ్నలుండదని జయకృష్ణే అన్నాడు. గంటసేపు ఇలా గడిచాక ధనరాజుకి బుర్ర వేడెక్కిపోయింది. ఒకటి మంచిదని తేలేలోపు దానికో లోపం బయటపడుతోంది, ఆ లోపం లేనిదానికి ఇంకో లోపం. ఎంచబోతే మంచమంతా కంతలే.

చివరికి లారీ పెట్టె వైపే మొగ్గాడు. ఒకసారి మొదట్నుంచీ చూపించమన్నాడు. జయకృష్ణ బటను నొక్కాడు. తెర వెలిగింది. దానిమీద పెద్ద అక్షరాలతో ఏదో వచ్చి కదలకుండా నిలబడింది.

"ఏటి రాసున్నాది బాబూ?"

"ఎక్కడికి అని అడుగుతోందండి. మనం ఊరిపేరు చెప్పాలి."

ధనరాజు చెయ్యి బల్లమీంచి వెనక్కి వచ్చేసింది. "ఎప్పుడడుగుతాది?"

"బయల్దేరేముందండి. రోజూ మొదట అదే అడుగుతుంది. చెప్పందే కదలదు."

అంతే, లారీ పెట్టె పని అయిపోయింది. పొద్దున్నే బండెక్కి కూర్చోగానే ఎక్కడికని అడిగేదాన్ని ఎవరైనా ఇంటికి తెచ్చుకుంటారా? అది కూడా కొనుక్కుని? మోటారుసైకిలు పెట్టె కూడా అలాగే అడుగుతుందా అన్నాడు. అదీ అడుగుతుందన్నాడు జయకృష్ణ. ధనరాజు తువ్వాలు భుజాన వేసుకుని లేవబోతూ అలమారులో కిందివరసలో ఉన్న చిన్న పెట్టెని చూశాడు. పిడికిట్లో పట్టేంత ఉంది, నల్లగా, మొండిగా. జగన్నాధం బోటులో ఉన్నదాని తోడబుట్టిందే. పరాయి ఊళ్లో సొంత ఊరివాడు కనబడినట్టు ప్రాణం లేచొచ్చింది.

"అదండీ? అది ఫారెస్టువాళ్లూ బోట్లవాళ్లూ పట్టుకెళ్తారు. బండికి పనికిరాదు. దారి చూపించదు, దిక్కే చూపిస్తుంది."

"ఇది అడుగుతాదేటి?"

"అడగదండి. గుర్తు పెట్టిన చోటికి బాణం చూపిస్తుంది, ఇంకా ఎంత దూరమో చెప్తుంది, అంతే."

"దిక్కు తెలిస్తే సాలు బాబూ. పదిహేడేళ్లు దిక్కుతోనే బతికినాను."

జయకృష్ణ రెండోసారి చెప్పి చూశాడు. మూడోసారి చెప్పలేదు, ఎంతయినా వ్యాపారస్థుడు. సాలూరు గుర్తు తనే అందులో పెట్టి ఇచ్చాడు.

గురువారం ఎనిమిదిగంటలకి చేపల పెట్టెలు ఎక్కించుకుని ధనరాజు బయల్దేరాడు. రాజాం దాకా బాణమూ రోడ్డూ అన్నదమ్ముల్లా కలిసే నడిచాయి. అతను ఈలవేశాడు కూడా. బొబ్బిలి దాటాక రోడ్డు ఎడమకి పోయింది, బాణం కుడికి చూపించింది. మూడుసార్లు తనని మోసం చేసిన రోడ్డుని నమ్మాలా, ఏనాడూ మోసం చెయ్యని బాణాన్ని నమ్మాలా? ధనరాజు కుడికి తిప్పాడు. తారురోడ్డు అయిపోయి మట్టిరోడ్డు వచ్చింది. మట్టిరోడ్డు అయిపోయి జీడితోటల మధ్య బండిజాడ వచ్చింది. పెట్టెలో దూరం మాత్రం తగ్గుతూనే ఉంది. తొమ్మిది, ఆరు, నాలుగు. ఇంత చక్కగా దగ్గరపడుతున్నప్పుడు తప్పుదారి ఎలా అవుతుందని అతని ధైర్యం.

రెండు కిలోమీటర్లుందనగా ఏరు అడ్డొచ్చింది.

వంతెన లేదు. ఇటు గట్టుమీద వ్యాను, అటు గట్టుమీద చెరకు తోటలు, వాటి వెనక సాలూరు సెల్లుటవర్లు స్పష్టంగా కనబడుతున్నాయి. బాణం నీళ్లమీదుగా తిన్నగా అటే చూపిస్తోంది. ఎన్నడూ లేనిది, నీళ్లని చూసి ధనరాజుకి ఏం చెయ్యాలో తోచలేదు. ఇదే సముద్రమైతే చేరిపోయినట్టే. పెట్టెని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఆర్పి మళ్లీ వెలిగించాడు. బాణం దాని మాటమీద అది నిలబడింది.

గట్టుమీద మేకలు కాస్తున్న ముసలావిడ ఒకతె అతన్నే చూస్తోంది. దారి ఆవిడకి తెలుసని ధనరాజుకి తెలుసు. రెండుసార్లు ఆవిడ వైపు నడిచాడు, రెండుసార్లూ వ్యాను చక్రం చూసుకోవడానికి వచ్చినవాడిలా వెనక్కి తిరిగాడు. చేపల పెట్టెల్లోంచి ఐసునీళ్లు బొట్లుబొట్లుగా మట్టిలో పడుతున్నాయి. పన్నెండున్నర అయింది. ఒంటిగంట అయింది. లక్ష్మణమ్మ ఈపాటికి రోడ్డు వైపు చూస్తూ ఉంటుంది. ఆఖరికి ఆవిడ ముందుకి వెళ్లి కళ్లు మూసుకుని, చేదుమందు మింగేవాడిలా అన్నాడు. "అప్పా, సాలూరెల్లాలి."

"ఆ మాట గంట కిందట అంటే ఏటి పోనాది?" అంది ముసలావిడ. "నువ్వేటో మొక్కుకుంటన్నావనీసి ఊరుకున్నాను. అడగందే అమ్మైనా పెట్టదు నాయనా. ఎనక్కెల్లు. బొబ్బిలి రోడ్డెక్కీసి రామభద్రపురం మీంచెల్లు."

సాలూరు చేరేసరికి మూడున్నర. లక్ష్మణమ్మ ఒక్కో చేప మొప్ప ఎత్తి చూసింది, సగం తీసుకుని సగం పక్కకి నెట్టింది. వెళ్లబోతుంటే వెనక నుంచి అంది. "శనారం ఒంటిగంట. నాలుగోసారికే వొదిలీవలిసింది. ఇంట్లో ఆడమనిసుంటాది గదా అనీసి ఇంకో దినం ఇచ్చినాను."

ఎక్కడికో నోటితో చెప్పేశాడు కదా, ఇంక ఏ చెట్టు వచ్చి గుద్దుతుందో అని తిరుగుదారంతా ధనరాజు వ్యానుని ఎడ్లబండిలా తోలాడు. ఏమీ గుద్దలేదు. అదీ అతన్ని కంగారుపెట్టింది.

ఇల్లు చేరి కాళ్లు కడుక్కుని అరుగుమీద కూర్చున్నాడు. మిగిలిన చేపలు చూసి బుల్లమ్మకి అనుమానం వచ్చింది. "ఏటైనాది మావా?" అంది. ఇంక దాచలేకపోయాడు. చీపురుపల్లి, పార్వతీపురం, తాటిచెట్ల ఊరు, ఏరు, లక్ష్మణమ్మ మాట, జగన్నాధం ఫోను అన్నీ చెప్పేశాడు. "నేల నాకు పడదే బుల్లీ. బోటుకెల్లిపోతాను. నన్ను తిట్టీ" అన్నాడు.

ఆమె తిట్టలేదు. నల్ల పెట్టెని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "దారి సూపించీది దొరకలేదేటి?"

"దొరికినాది. అది మంచి పెట్టె కాదు. బయల్దేరీముందు ఎక్కడికని అడుగుతాదంట."

బుల్లమ్మ పెట్టెని మెల్లిగా అరుగుమీద పెట్టింది. ఆమె మాట్లాడినప్పుడు ఆ గొంతు ధనరాజుకి కొత్తగా వినబడింది.

"ఆ దినం మా అన్న ఈ అరుగు ముందునుంచే ఎల్లినాడు. నువ్వు లోపల జొరంతో తొంగున్నావు. భుజాన వల, సేతిలో సద్దికేరేజీ. నన్ను సూసి నవ్వినాడు. ఎక్కడికన్నా అని నోటిదాకా వొచ్చినాది మావా. మింగీసినాను. మొకం పక్కకి తిప్పీసుకున్నాను." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పదకొండు తెప్పలు మూడుదినాలు ఎతికినాయి. ఏ దిక్కని ఎతుకుతాయి? ఎవుల్నడిగితే ఎవులు సెప్తారు? జగన్నాధం ఇంటికొచ్చి, బుల్లీ నీకేటైనా సెప్పినాడా అన్నాడు. లేదన్నాను. అడగలేదన్నాను. మా వొదినా అంతే అంది, మా అమ్మా అంతే అంది. ముగ్గురాడోలం, ఒక్కలం అడగలేదు."

ఆ ఆచారం ధనరాజుది, అతని తండ్రిది, తాతది. అది మనుషుల్ని కాపాడుతుందనే ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఇప్పుడు అది కాపాడిందో ముంచిందో అతనికి తెలియలేదు. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. ఈశ్వర్ పోయాక ఒకరి ముందు ఒకరు ఏడవడం అదే మొదలు.

"రేపెల్లు" అంది బుల్లమ్మ. "దీన్ని ఇచ్చీసి ఆ అడిగీదాన్నే తెచ్చుకో."

జయకృష్ణ పెట్టె మార్చి ఇచ్చాడు. వెనక్కి తీసుకోవడం వాళ్ల వంశంలో లేని పనే, కానీ మొదట తాను ఆ మూడోసారి చెప్పకపోవడం అతనికీ మనసులో గుచ్చుకుంటున్నట్టుంది. సాలూరు పేరుకి ఏ అక్షరం తర్వాత ఏది నొక్కాలో కాగితంమీద పెద్దగా రాసిచ్చాడు. విసుగ్గా మాట్లాడే ఆవిడ నోట కుడి, ఎడమ అనే మాటలు ఎలా వినిపిస్తాయో పదిసార్లు వినిపించాడు.

శనివారం పొద్దున్న వ్యానులోకి చేపలెక్కాయి. గట్టుకి చేరే తెప్పలు చేరుతున్నాయి, రెండోవేటకి పోయేవి పోతున్నాయి. ఆడవాళ్లు అలవాటు ప్రకారం మొహాలు పక్కకి తిప్పుకుని ఉన్నారు. ధనరాజు వ్యానెక్కి కూర్చున్నాడు, పెట్టె బటనుమీద వేలు పెట్టాడు. వేలు నొక్కడానికి రాలేదు.

బుల్లమ్మ ఇంట్లోంచి వచ్చి వ్యాను కిటికీ పట్టుకుంది. అందరికీ వినబడేటట్టు అంది. "మావా, ఎక్కడికెల్తన్నావు?"

గట్టుమీద ఆడవాళ్లు చటుక్కున తలలు తిప్పారు. ఒకావిడ చేతిలో బుట్ట అలాగే ఉండిపోయింది. బుల్లమ్మ ఎవరివైపూ చూడలేదు. మొగుడి మీంచి మొహం తిప్పుకోలేదు.

"సాలూరెల్తన్నాను" అన్నాడు ధనరాజు. ఒకసారి మొదలయ్యాక మాట ఆగలేదు. "సికాకులం, సిలకపాలెం, రాజాం, బొబ్బిలి, రామభద్రపురం, సాలూరు. రాజాంలో టీ తాగుతాను. సాయంత్రం అయిదుకల్లా వొచ్చీస్తాను."

ఆమె ఊళ్లన్నీ ఒక్కొక్కటే తిరిగి చెప్పింది. వేళ్లమీద లెక్కపెట్టుకుంది. "అయిదుకల్లా" అంది. కిటికీ వదిలింది. అప్పుడు ధనరాజు బటను నొక్కాడు. తెరమీద అదే ప్రశ్న వచ్చి నిలబడింది. జవాబు ఒకసారి చెప్పేశాడు కాబట్టి రెండోసారి అంత కష్టమనిపించలేదు. కాగితం చూసుకుంటూ ఒక్కో అక్షరమే నొక్కాడు.

దారిలో ఆ విసుగావిడ కుడి అన్నప్పుడు ఒకసారి ఎడమకి తిప్పాడు, రాజాంలో. అక్కడ వ్యాను ఆపి కిళ్లీకొట్టువాణ్ని అడిగాడు. సాలూరు లక్ష్మణమ్మ దుకాణం ముందు బండి ఆపేసరికి పన్నెండూ నలభై. ఆవిడ గోడగడియారం చూసింది, ధనరాజుని చూసింది, మొదటి చేపల పెట్టె మూత తీసింది.

ధనరాజు ఫోను చేశాడు. మొదటి గంట పూర్తికాకుండానే బుల్లమ్మ ఎత్తింది. "సాలూరేనా?" అంది.

"సాలూరే."

ఆమె మళ్లీ అడిగింది. "ఇప్పుడెక్కడికి?"

"ఇంటికి" అన్నాడు ధనరాజు.